దోహా వార్డులో గోండి మాట

దోహాలో స్టేడియాలు లేస్తున్న రోజుల్లో నేను అక్కడి ఒక పెద్దాసుపత్రిలో నర్సుని. పక్షవాతం వచ్చినవాళ్లు, తలకి దెబ్బ తగిలినవాళ్లు ఉండే వార్డు మాది. తోటి నర్సులు ఎక్కువగా మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు. డాక్టర్లు ఈజిప్టు, సూడాన్ దేశాలవాళ్లు. మాది గోదావరి జిల్లా. ఆ అంతస్తు మొత్తానికి తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నిర్మల్ నుంచో, జగిత్యాల నుంచో వచ్చిన మనిషి ఎవరు చేరినా నాకు కబురొచ్చేది.

శుక్రవారం మధ్యాహ్నాలు, చూడటానికి బయటివాళ్లని వదిలే వేళకి, ఇద్దరు మనుషులు వార్డుకి వచ్చేవారు. ఒకాయన యాభై దాటినవాడు. కంపెనీ బస్సు డ్రైవరు, నిర్మల్ వైపు తండా మనిషి. రెండో మనిషి వారం వారం మారేవాడు. వాళ్ల సంచిలో దువ్వెన, గోళ్ల కత్తెర, కొబ్బరినూనె, గడ్డం గీసే సామాను, రకరకాల ఫోన్ ఛార్జర్లు ఉండేవి. ఒక్కో మంచం దగ్గరా ఆగి, "ఏ ఊరు నీది? ఇంటికి ఫోన్ చేసినవా?" అని అడిగి, గడ్డం గీస్తామంటే ఒప్పుకున్నవాళ్లకి గీసేవారు. మొదట్లో ఎవరి తాలూకు చుట్టాలో అనుకున్నాను. నేపాలీ కుర్రాడికీ, బంగ్లాదేశ్ పెద్దాయనకీ కూడా అదే శ్రద్ధతో గడ్డం గీయడం చూసి, ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

"మేము సంఘమోళ్లం సిస్టర్," అన్నాడు డ్రైవరాయన. "గిరిజన సంఘం. మా లంబాడోళ్లే ఎక్కువ. గోండులు, కోయలు కూడ ఉన్నరు కొంతమంది."

"మరి వీళ్లంతా మీ వాళ్లు కాదు కదండీ?"

"గడ్డానికి కులమేంది సిస్టర్," అని బ్లేడు మార్చుకున్నాడు.

"మీ ఆఫీసు ఎక్కడ?"

"ఆఫీస్ మాఫీ," అని నవ్వాడు. అరబ్బీ మాటని మనవాళ్లు తెలుగులో కలిపేసుకున్న తీరు అది. లేదు అని చెప్పడానికి మాఫీ. "ఫోన్ ఉంది. శుక్రవారం ఉంది. గంతే."

ఆ ఎండాకాలంలోనే అల్ వుకైర్ దగ్గర ఒక సైటు నుంచి ఒక పేషెంటు వచ్చాడు. ఉట్నూరు అవతల గూడెం మనిషి. క్యాంపులో భోజనం ముందు చేతులు కడుక్కుంటూ పడిపోయాడట. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. మాట కూడా పోయింది. కొన్నాళ్లకి మాట వచ్చింది గానీ, ఏం మాట్లాడుతున్నాడో ఎవరికీ అంతుచిక్కలేదు. ఈజిప్టు డాక్టరు నన్ను పిలిచి, "మీ భాషేగా, ఏమంటున్నాడు?" అని అడిగాడు. నేను మంచం దగ్గర కూర్చుని ఊరి పేరుతో పలకరించాను, ఒంట్లో ఎలా ఉంది అన్నాను, నొప్పి ఎక్కడ అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి గబగబా ఏదో చెప్పేవాడు. ఒక్క ముక్క తెలుగు లేదు. హిందీ కూడా కాదు. డాక్టరుకి అదే చెప్పాను. జబ్బు వల్ల మాట కలగాపులగమైందని ఆయన నిర్ణయించాడు. అలా అవడం మా వార్డులో మామూలే.

ఒక్క మాట మాత్రం నాకు తెలిసినట్టే వినిపించేది. "ఏర్, ఏర్" అని పదే పదే అనేవాడు. ఏరు గుర్తొస్తోందనుకున్నాను. గూడెం పక్కన పారే ఏరేమో. "త్వరగా వెళ్తావులే బాబూ, ఇంటికి వెళ్తావు," అని చెయ్యి నిమిరేదాన్ని. ఆయన చెయ్యి విదిలించుకుని మొహం తిప్పేసుకునేవాడు.

పక్క తిప్పినప్పుడల్లా కేకలు పెట్టేవాడు. బాగున్న ఎడమ చేత్తో మమ్మల్ని తోసేసేవాడు. ఒకసారి ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి మణికట్టు వాచింది. ఇక నెమ్మదించడానికి మందు మొదలుపెడదామా అని డాక్టర్లు మాట్లాడుకోవడం మొదలైంది. కంపెనీవాళ్లు ఇండియాలో ఉన్న ఆయన తమ్ముడికి ఫోన్ చేశారు. ఆయన టౌనులో ఉంటాడు, చక్కగా తెలుగు మాట్లాడతాడు. "దుబాయ్ దవాఖానల మంచిగ చూస్తున్నరా?" అని అడిగాడట. ఊళ్లవాళ్లకి గల్ఫంతా దుబాయే. చూస్తున్నారని కంపెనీవాళ్లు చెప్పారు. అంతటితో ఆ ఫోను అయిపోయింది. అన్న ఏ భాష మాట్లాడుతున్నాడని అడగాలని ఎవరికి తడుతుంది?

ఆ శుక్రవారం డ్రైవరాయన వచ్చేసరికి నేను ఆ మంచం దగ్గరే ఉన్నాను. సంచి కింద పెట్టి, నిలబడి విన్నాడు. ఇంకో మంచం దగ్గరికి వెళ్లబోయి, మళ్లీ వెనక్కి వచ్చి విన్నాడు.

"సిస్టర్, ఇది ఉత్త గొణుగుడు కాదు," అన్నాడు. "ఇది గోండి."

"మీకు వచ్చా?"

"నాకు రాదు. మా లంబాడీ బాస వేరు, ఆళ్ల బాస వేరు. కని చిన్నప్పటి సంది అంగట్ల విన్న. ఆ పలుకుడు చెవికి తెలుస్తది."

డాక్టరు నమ్మలేదు, నమ్మకపోవడానికి కారణమూ ఉంది. తెలుగు, హిందీ రెండూ వచ్చిన మనిషి ఇన్నేళ్లు సైటులో అందరితో మాట్లాడాడు కదా, ఇప్పుడవి ఏమయ్యాయన్నాడు. తర్వాత ఆయనే ఆలోచించి, కొందరికి ఇలాంటి జబ్బులో తర్వాత నేర్చుకున్న భాషలు చెదిరిపోయి మొదటి భాష మిగులుతుందనీ, అది వచ్చిన మనిషి దొరికితే తప్పకుండా తీసుకురమ్మనీ అన్నాడు.

డ్రైవరాయన వార్డు బయట నడవాలో నిలబడి ఫోను పట్టుకున్నాడు. నేను టీ తాగే విరామంలో అక్కడే ఉండి విన్నాను. ఒక్కో క్యాంపుకీ చేస్తున్నాడు. "రామ్ రామ్ అన్నా. మీ తాన గోండి మాట వచ్చెటోడు ఎవలన్న ఉన్నడా? పేరుకు గోండు కాదు, మాట రావాలె." అల్ ఘర్రాఫాలో విల్లాల తోటపని చేసే ఒకాయన ఉన్నాడన్నారు. ఆయనకి ఫోన్ చేస్తే తనకి రాదన్నాడు. హాస్టల్లో చదివి మాట మరిచిపోయాడట. కానీ దుఖాన్‌లో తన బావమరిది స్నేహితుడు ఉన్నాడు, అతను బాగా మాట్లాడతాడని చెప్పాడు. దుఖాన్ అంటే దేశానికి ఆ చివర, పడమటి సముద్రం ఒడ్డు. అతనికి ఆ రోజు సెలవే. "యల్లా, తయారుగుండు, ఒస్తున్న," అని డ్రైవరాయన కారు అడిగి తెచ్చుకోవడానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం, బయటివాళ్లని వదిలే వేళ ముగియడానికి కాస్త ముందు ఇద్దరూ వచ్చారు. దుఖాన్ నుంచి వచ్చినతను ముప్పై దాటినవాడు, పైపులు బిగించే పని. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. మంచం దగ్గర వంగి, "రామ్ రామ్ దాదా," అన్నాడు. ఆ తర్వాత గోండిలో ఏదో అడిగాడు.

పేషెంటు తల తిప్పాడు. అతని మొహాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. గబగబా కాదు, మేము ఇన్నాళ్లూ విన్న కేకల్లా కాదు. కూర్చుని కబుర్లు చెప్పే మనిషిలా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా మాట ఆపలేదు. కొన్ని మాటలు తడబడుతున్నాయి గానీ అర్థమవుతోందని దుఖానతను చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"నీళ్లు అడుగుతున్నడు సిస్టర్. ఎవ్వరు ఇస్తలేరంటున్నడు. ఏర్ అంటే మా బాసల నీళ్లు."

మింగడం సరిగ్గా రాకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయని మేము నోటితో ఏమీ ఇవ్వడం లేదు. ముక్కు గొట్టంతోనే ఇస్తున్నాం. ఎందుకు ఇవ్వడం లేదో ఆయనకి తెలిసే దారి లేదు. అది అతనితో చెప్పించాను. పేషెంటు విని, తల ఊపాడు.

"ఇంకోటి. కుడి భుజం పట్టి గుంజొద్దంటున్నడు. జారినట్టు అయితుందంట. ఎడమ దిక్కుకెళ్లి తిప్పితే ఏం అననంటున్నడు. ఆ పిల్లను కొట్టాలని కొట్టలేదంట."

డాక్టరు వచ్చి భుజం చూశాడు. కీలు కొంచెం కిందికి జారి ఉంది. చెయ్యి కింద దిండు పెట్టి, భుజానికి పట్టీ కట్టించాడు. ఆ రాత్రి నుంచి కేకలు లేవు. నెమ్మదించే మందు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మణికట్టు వాచిన అమ్మాయికి నేను విషయం చెబితే, తను వెళ్లి ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని ఊపి వచ్చింది.

మింగడం పరీక్ష చేసే రోజున దుఖానతనికి డ్యూటీ ఉంది. ఫోరుమన్‌ని అడిగి, కంటైనరు నీడన నిలబడి ఫోనులో మాట్లాడాడు. ఇక్కడ ఆ పరీక్ష చేసే జోర్డాన్ అమ్మాయి ఇంగ్లీషులో చెబితే, నేను తెలుగులో చెబితే, అతను గోండిలో చెబితే, పేషెంటు చెంచాడు నీళ్లు నోట్లో పట్టుకుని, గడ్డం కిందికి వంచి మింగాడు. దగ్గు రాలేదు. జోర్డాన్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఫోనులో అవతలి నుంచి, "ఏమైంది సిస్టర్? తాగిండా?" అని వినిపించింది.

ఆ మరుసటి శుక్రవారం సంఘంవాళ్లు ఆయన భార్యతో మాట్లాడించారు. ఆమె ఉండే గూడేనికి ఫోను అందదట. ఊళ్లో ఉన్న సంఘంవాళ్ల బంధువు ఒకాయన బండి మీద ఆమెని రోడ్డు దాకా తీసుకొచ్చాడు. ఆ మాటల్లో నాకు ఒక్కటీ తెలియలేదు. ఆయన మధ్యలో నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

అప్పటి నుంచి వాళ్ల సంఘం మీద నాకు మనసు పోయింది. సెలవు దొరికిన శుక్రవారాల్లో అల్ వుకైర్‌లో వాళ్లు కలుసుకునే చోటికి వెళ్లేదాన్ని. ఒక క్యాంపు భోజనాల హాలు అది. భోజనాలయ్యాక బల్లలు తుడిచి, ఒక మూల సైటు బోర్డులు చదవడం నేర్పేవారు. ఇంకో మూల ఒక లంబాడీ పెద్దాయన, ఊళ్లో మనవరాలికి తమ భాషలో కథ చెప్పి ఫోనులో పంపేవాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు కూడా వినేవారు. లంబాడీల తీజ్ పండుగ వస్తే బుట్టల్లో గోధుమ మొలకలు పెంచేవారు. ఆడపిల్లలు చేయాల్సిన పండుగ. ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లు కొందరికి సెలవు ఇవ్వమని డ్రైవరాయన ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. వచ్చింది కొద్దిమందే. ఆ కొద్దిమంది పాడుతుంటే మగవాళ్లంతా గోడల వెంట నిలబడి విన్నారు.

నన్ను కూడా ఊరికే కూర్చోనివ్వలేదు. "చెల్లె, ఎండదెబ్బ గురించి నువ్వు చెప్పు," అన్నాడు డ్రైవరాయన ఒకనాడు. నేను చెబుతుంటే ఒకరు లంబాడీలోకి, దుఖానతను గోండిలోకి మార్చారు. తర్వాత అతనే ఒక పని మొదలుపెట్టాడు. నొప్పి ఎక్కడ, ఊపిరి గట్టిగా పీల్చు, కదలకు, భయపడకు, ఇలా ఆసుపత్రిలో రోజూ వాడే మాటలు నా చేత చెప్పించుకుని, తన గొంతుతో గోండిలో రికార్డు చేశాడు. లంబాడీ మాటలు డ్రైవరాయన చెప్పాడు. కోయ మాట వచ్చినాయన కోసం కొన్ని నెలలు వెతికి పట్టుకున్నారు. మా హెడ్ నర్సు అనుమతితో అవి వార్డు ఫోనులోకి ఎక్కాయి.

ఉట్నూరాయన చక్రాల కుర్చీలో ఇంటికి వెళ్లాడు. అదే వైపు సెలవు మీద వెళ్తున్న మనిషిని వెతికి, ఒకే విమానంలో తోడు పంపింది సంఘం. వెళ్లేనాటికి ఆయనకి తెలుగు మాటలు ఒకటీ అరా తిరిగొస్తున్నాయి. నన్ను "సిస్టర్" అన్నాడు. "పోతున్న," అన్నాడు.

స్టేడియాలు పూర్తవుతూ వచ్చేసరికి పనులు తగ్గి, సంఘంలో చాలామంది ఇళ్లకి తిరిగిపోయారు. డ్రైవరాయన కూడా వెళ్లాడు. ఇక హాయిగా పొలం చూసుకుంటాడనుకున్నాను. కొన్ని నెలలకి ఫోను చేశాడు. వెనకాల ఎవరో పిలుస్తున్నారు, ఏదో ట్రాలీ చప్పుడు.

"ఎక్కడున్నావన్నా?"

"మా జిల్లా దవాఖానల. వారానికోసారి ఒస్తున్న."

"ఒంట్లో బాగాలేదా?"

"నాకేమైంది. ఇక్కడ గూడేలకెళ్లి ముసలోళ్లు ఒస్తరు, తెలుగు రాదు. ఈళ్లు చెప్పింది డాక్టర్లకు తెల్వదు, డాక్టర్లు చెప్పింది ఈళ్లకు తెల్వదు. ఖతర్‌ల మనం పరాయోళ్లం, అది వేరే ముచ్చట. ఈడ మన జిల్లనే కద చెల్లె. గోండి పిలగాండ్లు ఇద్దరు కలిసిండ్రు. కాలేజీల చదువుతున్నరు, మాట మంచిగొస్తది. కొలామోళ్ల బాస వచ్చెటోళ్లే దొరుకుతలేరు."

"దొరుకుతారన్నా."

"దొరుకుతరు. అడుగుతున్న," అన్నాడు. ఎవరో మళ్లీ పిలిచారు. ఉంటానని కూడా అనకుండా అటు వెళ్లిపోయాడు. ఫోను పెట్టేయడం మరిచిపోయినట్టున్నాడు. ఎవరినో ఏ ఊరు మీదని అడగడం కొంతసేపు వినిపించింది.