పురుగుమందు డబ్బా మీది ఫోన్ నంబరు

చౌటుప్పల్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం మీది అంతస్తులో, నలభై మంది కూర్చొని పొద్దంతా ఒకే మాట అంటుంటారు: "నమస్కారం సార్, మీకు ఏ విధంగా సహాయపడగలను?" సహాయపడే విధాలు మొత్తం పదకొండు. అవి కంప్యూటర్ తెర మీద వరుసగా ఉంటాయి. పన్నెండోది అడిగిన రైతుకు "మా నిపుణులు నలభై ఎనిమిది గంటల్లో మీకు ఫోన్ చేస్తారు" అని చెప్పాలి. ఆ నిపుణులు ఎట్లుంటారో పద్నాలుగు నెలల్లో దివాకర్ ఒక్కసారి కూడా చూడలేదు.

దివాకర్‌ది అక్కడికి బస్సులో గంట దూరంలో ఒక పల్లె. డిగ్రీ చదివాడు. కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాడు. నాలుగేళ్ల కింద అతని బాపు లింగస్వామి పత్తికి మందు కొట్టి ఇంటికొచ్చి గడప మీదనే కూలబడ్డాడు. నోట్లో నురుగు, కళ్లు మసకలు. దవాఖానలో డాక్టరు మొట్టమొదట అడిగింది ఏం మందు అని. ఎవరికీ తెలియదు. దివాకర్ బండి మీద చేనుకు ఉరికి ఖాళీ డబ్బా పట్టుకొచ్చేసరికి గంటన్నర పోయింది. బాపు బతికాడు గానీ ఇప్పటికీ ఎండలో నిలబడితే కాళ్లు వణుకుతాయి. ఇంట్లో జీతం తెచ్చేది దివాకర్ ఒక్కడే. పురుగుమందులు అమ్మే కంపెనీకే ఫోన్లు ఎత్తి ఆ జీతం తెస్తున్నాడు. మొదట్లో ఇది తలచుకొని నవ్వుకునేవాడు, తర్వాత ఆ నవ్వూ పోయింది.

ఆ ఆఫీసులో ఎవరూ కొట్టరు, తిట్టరు. అయినా పొద్దున మెట్లెక్కే ముందే సెల్‌ఫోను, కలం, కాగితం కింద లాకర్లో పెట్టి తాళం వెయ్యాలి. కస్టమర్ నంబరు రాసుకుంటే దొంగతనం కిందే లెక్క. ప్రతి మాటా రికార్డవుతుంది. పది సెకన్లు ఇద్దరూ మాట్లాడకపోతే తెర ఎర్రబడుతుంది. దివాకర్‌కు అప్పటికే రెండు వార్నింగులు వచ్చాయి. ఒకటి, "అలాగా అండీ" అనవలసిన చోట "గట్లనా" అన్నందుకు. రెండోది, మిట్టమధ్యాహ్నం మందు కొట్టొద్దని ఒక రైతుకు సొంత సలహా చెప్పినందుకు. మూడోది వస్తే ఇంటికే.

సెప్టెంబరులో ఒకరోజు, పన్నెండు దాటాక, టీమ్ లీడర్ సుమన తన హెడ్‌సెట్ తెచ్చి దివాకర్ పక్కన కూర్చుంది. కాల్స్ వింటూ మార్కులు వెయ్యడం ఆమె పని.

"నీ గురించి పైనోళ్లకు నేనే చెప్పాలె దివాకర్. జర నా పరువు కాపాడు. స్క్రిప్టు దాటకు."

"దాటను మేడమ్."

"నవ్వుకుంట మాట్లాడు. ఏడుపు మొహం ఫోన్ల గూడ ఇనిపిస్తది."

కాల్ వచ్చింది. అవతల మగ గొంతు, వెనక గాలి.

"కంపెనేనా? నేను బీరన్నను, తిరుమలగిరి దిక్కు. మీ మందు రెండుసార్లు కొట్టిన, పురుగు చస్తలేదు. ఇంకింత బలుస్తాంది."

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం బీరన్న గారు. మందు పేరు చెబుతారా?"

బీరన్న పేరు చెప్పాడు. దివాకర్ తెర మీద నింపాడు. తర్వాతి గడి బ్యాచ్ నంబరు. అది నింపందే కంప్యూటర్ ముందుకు పోదు.

"బాటిల్ మీద బ్యాచ్ నంబరు ఉంటుంది సార్, చదవగలరా?"

"డబ్బా ఆ కొసకున్నది సారూ. ఇప్పుడే పంపు దించిన, చేతులన్ని మందే. ఫోను ఒడ్డు మీద వెట్టి లౌడు జేసి మాట్లాడుతున్న. జర తల తిరుగుతాంది, తర్వాత చెప్త తియ్యి."

దివాకర్ విన్నాడు. విని కూడా విననట్టే అయింది. పక్కన సుమన మార్కుల కాగితం మీద కలం నిలిపి ఉంది. అతని నోరు అలవాటుగా కదిలింది.

"బ్యాచ్ నంబర్ లేకుండా ఫిర్యాదు నమోదు కాదు సార్. దయచేసి ఒకసారి వెళ్లి చూస్తారా? నేను లైన్లోనే ఉంటాను."

"ఏం రూల్లో ఏమో," అని గొణుక్కుంటూ బీరన్న పోయాడు. మందు కొట్టిన చాళ్ల నడుమ నుంచి, మళ్లీ ఆ చివరికి. గాలి చప్పుడు మిగిలింది. తెర ఎర్రబడకుండా దివాకర్ పది సెకన్లకోసారి "లైన్లోనే ఉన్నాను సార్" అంటున్నాడు. సుమన టిక్కు పెట్టడం దివాకర్ ఓరకంట చూశాడు. ప్రాణం కుదుటపడింది.

చాలాసేపటికి గొంతు వచ్చింది, ఆ చివర నుంచి కేకేసినట్టు, కానీ ముద్దముద్దగా. "కనవడ్తలేదు సారూ... అక్షరాలన్ని అలుక్కపోయినట్టున్నయి. నోట్లె ఉమ్మి ఆగుతలేదు..."

ఈ మాటలు అతను ముందే విన్నాడు, సొంత ఇంటి గడప మీద.

"బీరన్న గారూ?"

ఏదో బరువుగా పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

తెర ఎర్రబడింది. స్క్రిప్టు ప్రకారం "మీ వైపు నుంచి మాట వినిపించడం లేదు" అని మూడుసార్లు అని కాల్ కట్ చెయ్యాలి. సుమన వేలు ఆ వాక్యం మీద పెట్టింది. దివాకర్ ఒకసారి చదివాడు. రెండోసారి చదివాడు. రెండోసారి గొంతు అతనిది కాదు. మూడోసారికి సుమన చెయ్యి కట్ చేసే బటన్ వైపు పోతే, దాని మీద తన అరచెయ్యి కప్పేసి లేచి నిలబడ్డాడు.

"ఓ బీరన్నా! ఓ... ఎవరన్న ఉన్నరా! పక్క చెల్కల ఎవరన్న ఉన్నరా ఓ!"

ఈ చేనులోంచి ఆ చేనుకు పిలిచే కేక అది. పద్నాలుగు నెలలు మెత్తగా మాట్లాడి మాట్లాడి ఆ గొంతు ఉందన్న సంగతే అతను మరిచాడు. నలభై మందీ మాటలాపి తిరిగి చూశారు.

"దివాకర్, పిచ్చి లేసిందా? కూసో!" అంది సుమన.

"ఓ... ఎవరన్న రాండ్రి! మనిషి పడిపోయిండు!"

ఎన్నిసార్లు అరిచాడో. చివరికి ఒక ఆడగొంతు దగ్గరికొచ్చింది. "ఎవడ్రా ఒర్రుతుండు? ఓ బీరిగా, ఫోన్లకు మందు కొట్టినవా ఏంది, గట్ల మొత్తుకుంటాంది? యాడున్నవ్ర?"

"అమ్మా, ఆయన పత్తిల పడిపోయిండు! ఆ చివరకు, డబ్బా కాడ!"

ఫోన్ చేతిలో పట్టుకొని ఆమె ఉరికిన అడుగులు. "అయ్యో, అయ్యో నా తమ్మి..."

"అమ్మా ఇటిను! నీ పేరేంది?"

"గోపమ్మ. నువ్వెవలు?"

"నేనెవరైతేంది! తడి అంగి ఇప్పెయ్యి. నీ చేతులకు కవరు తొడుక్కొని ఇప్పు. ఒంటి మీద నీళ్లు గుమ్మరియ్యి. ఒక పక్కకు పండవెట్టు, ఎల్లెలకల వద్దు. నీ దగ్గర ఫోన్ ఉన్నదా?"

"ఇంటికాడున్నది."

"అయితే నేను పెట్టేస్త. గీ ఫోన్‌తోనే నూటెనిమిదికి కొట్టు. నొక్కొస్తదా?"

"ఎందుకు రాదురా, నన్ను ఏమనుకున్నవ్? పెట్టు ముందుగాల!"

దివాకరే కట్ చేశాడు.

సుమన అతన్ని అద్దాల గదిలోకి తీసుకుపోయి రికార్డింగు పెట్టింది. తన గొంతు తనకే వినబడింది: దయచేసి ఒకసారి వెళ్లి చూస్తారా? ఎంత మర్యాదగా ఉంది! చంపేవాడి గొంతు ఇంత మెత్తగా ఉంటుందని దివాకర్‌కు అప్పటిదాకా తెలియదు. సుమన అక్కడ ఆపింది.

"గీడిదాక మంచిగున్నది. ఫుల్ మార్కులు వేసిన. తర్వాత నీకేమైంది?"

"నేనే పంపిన మేడమ్ ఆయనను. తల తిరుగుతాందన్నడు. మీరు గూడ ఇన్నరు."

సుమన టేబుల్ వైపు చూసింది. "స్క్రిప్టుల గట్లనే ఉన్నది గదా," అంది, మెల్లగా. ఆమెకూ పైన ఒకరున్నారు.

అప్పుడు దివాకర్‌కు గుర్తొచ్చింది. ఏం మందో గోపమ్మకు చెప్పలేదు. ఆమె డబ్బా వెంట తీసుకుపోతుందన్న నమ్మకం ఏముంది?

"ఒక్క ఫోన్ చేస్త మేడమ్. మందు పేరు చెప్పాలె."

"కస్టమర్‌కు మనం చెయ్యొద్దు. నంబరు ముట్టుకున్నవో, వార్నింగు గాదు, కేసే."

నంబరు తెర మీద చూసిందే. పది అంకెలు. వాటిని పెదవుల మీద తిప్పుకుంటూ మెట్లు దిగాడు. ఒక్కటి జారితే అన్నీ జారిపోతాయని భయం. కింద వాచ్‌మన్ చెన్నయ్య అడ్డం వచ్చాడు.

"ఏం తమ్మీ, బయటికి పొయ్యే స్లిప్పేది? ఉత్తగ లాకర్ తియ్యనియ్యను."

దివాకర్ నోరు విప్పలేదు. విప్పితే అంకెలు పోతాయి. చెన్నయ్యను భుజంతో నెట్టి లాకర్ తీసి, ఫోన్‌తో రోడ్డు మీద పడ్డాడు. మొదటిసారి ఎంగేజు. రెండోసారి ఎంగేజు. లారీలు పోతున్నాయి. అంకెలు తప్పయితే? ఇరవై నిమిషాలు ఆగి మూడోసారి కొడితే గోపమ్మ ఎత్తింది, వెనక అంబులెన్సు మోత.

"అమ్మా, బీరన్న పెద్దమనిషికి ఊపిరున్నదా?"

"ఉన్నది బిడ్డా, ఉన్నది గని కండ్లు తెరుస్తలేడు. ఏం మందని గీ పిలగాడు అడుగుతుండు, నాకేం తెలుసు!"

ఫోన్ అంబులెన్సు అతనికి ఇచ్చింది. దివాకర్ మందు పేరు రెండుసార్లు చెప్పాడు. అతను తిరిగి పలికి, సూర్యాపేట దవాఖానకు ముందే చెప్పి పెడతానన్నాడు.

"అన్నా, బతుకుతడా?"

"పోతున్నం గదా. నువ్వేమైతవ్ ఆయనకు?"

దివాకర్ మందు పేరు మూడోసారి చెప్పాడు.

మర్నాడు, ఇక పనికి రావొద్దని మెసేజు వచ్చింది. బాపుకు చెప్పలేదు. టిఫిన్ డబ్బా పట్టుకొని రోజూ బస్సెక్కి చౌటుప్పల్ దాకా పోయి, బస్టాండులో కూర్చొని గోపమ్మకు ఫోన్ చేసేవాడు. "ఇయ్యాల కండ్లు తెరిచిండు," "ఇయ్యాల గంజి తాగిండు" అని ఆమె చెప్పేది. ఏడో రోజు ఫోన్ బీరన్నే ఎత్తాడు.

"నేనే పెద్దనాయినా, ఆ రోజు ఫోన్ల మాట్లాడినోణ్ని. నిన్ను మల్ల డబ్బా కాడికి పంపినోణ్ని." చెప్పేశాడు. తిట్టు కోసం కాచుకున్నాడు.

"ఓ, కంపెనీ పిలగానివా!" బీరన్న గొంతు నీరసంగా ఉన్నా సంబరంగా ఉంది. "మంచిగ దొరికినవ్. నిన్ననే ఇంటికొచ్చిన. పురుగు కాయ లోపటికి వోయింది బిడ్డా. రేపు పొద్దుగాల కొడ్దామనుకుంటున్న. పంపుకు ఒక మూతెడు సాలుతదా, రెండు పొయ్యాల్నా?"

"వద్దు పెద్దనాయినా. ముట్టకు. నీకు దండం పెడ్త, నువ్వు ముట్టకు."

"ముట్టకపోతే ఎట్ల? పురుగు ఆగుతదా?"

ఫోన్ పెట్టేశాడు. దివాకర్ మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. అవతలి ప్లాట్‌ఫారం మీద తిరుమలగిరి దిక్కు పోయే సూర్యాపేట బస్సు కదులుతుంటే టిఫిన్ డబ్బా బెంచీ మీదనే వదిలి ఉరికాడు.