యాప్రాల్ బడిలో ఖాళీ జగ్గు

ఉదయం ఆరూ ఇరవైకి జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. మా చెల్లెలు రూత్ కూతురు కెజియాకు నాలుగేళ్లు నిండాయి. యాప్రాల్‌లో ఆ పిల్ల చదివే బడివాళ్లు ఎల్‌కేజీకి పంపకుండా నర్సరీలోనే మరో ఏడాది ఉంచుతామన్నారు. ఇంటి పెద్దలెవరైనా వచ్చి సంతకం పెట్టాలట. రూత్ ఆసుపత్రిలో నర్సు, సెలవు దొరకలేదు. మరిది లారీతో నాగపూర్ దారిలో ఉన్నాడు. అందుకని నేను బయలుదేరాను.

పైగా ఆ బడిలో వేయమని పట్టుబట్టింది నేనే. నాది కుట్టుపని. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగిలిన చదువంతా మా ఊరి గ్రంథాలయంలో, రోజూ సాయంత్రం ఐదు తర్వాత. చిన్నపిల్లలు తమకు తోచిన పని తామే ఎంచుకుని, చేతులతో చేసి నేర్చుకోవాలని అక్కడి పుస్తకాల్లో చదివాను. ఆ బడి కరపత్రంలోనూ అదే మాట ఉంది. నమ్మాను.

పక్కన కూర్చున్నామె సికింద్రాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. సంగతి విని నవ్వింది. "నర్సరీల ఫెయిలేందక్కా? మా కాలంల టెన్త్‌ల అయితుండె," అంటూ డబ్బాలోంచి సర్వపిండి ముక్క తుంచి ఇచ్చింది.

ఎనిమిదీ నలభైకి సికింద్రాబాద్‌లో దిగాను. స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు కాబట్టి అడ్డం పెట్టిన రేకుల మధ్యనుంచి చాలా దూరం చుట్టి బయటికి రావాలి. సామాను ఉన్నవారు పావుగంట అదనంగా పెట్టుకోవడం మంచిది. బయట ఇడ్లీ తిని యాప్రాల్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు.

పదింటికి బడి చేరాను. గది ముచ్చటగా ఉంది. పిల్లల ఎత్తు అల్మారాలు, చెక్క దిమ్మెలు, గింజల గిన్నెలు, చిన్న గాజు జగ్గు, రెండు కప్పులు. నా పుస్తకాల్లోని బొమ్మలు లేచి వచ్చినట్టే అనిపించింది. ఇంతలో గంట కొట్టారు. ఆయా ఒక్కొక్క పిల్లనే తెచ్చి జగ్గు ముందు కూర్చోబెట్టింది. పిల్ల జగ్గు ఎత్తి కప్పులోకి వంచగానే టీచరు ఫోనుతో ఫొటో తీసి "నెక్స్ట్" అంది. మధ్యాహ్నంలోగా అందరి ఫొటోలూ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు పోవాలట. జగ్గులో చుక్క నీరు లేదు.

"నీళ్లు పెడితే యూనిఫామ్స్ తడుస్తాయి, పేరెంట్స్ ఊరుకోరు," అంది ప్రిన్సిపాల్ తన గదిలో. "అందరూ చేస్తారు, మీ పాప చెయ్యదు. మొన్న బాత్రూమ్‌కి పోయి జగ్గు నింపుకొచ్చి టేబులంతా పోసింది. రెడీనెస్ లేదు మేడమ్."

నాకు ఒళ్లు మండింది. "నీళ్లు లేకుంట నీళ్లు పోసుడు ఎట్ల నేర్పుతరు? ఒలికితే తుడిచేందుకు పక్కన గుడ్డ పెట్టాలె. ఆ తుడుచుడు సుత చదువే."

"మీరు టీచర్ ట్రైనింగ్ ఎక్కడ చేశారు?"

"జనగామ లైబ్రరీల."

ఆమె ఫైలు తెరిచింది. "ఒక ఛాన్స్ ఇస్తాను. ఇప్పుడు నా ముందు చేస్తే పైక్లాసుకి పంపుతా. లేదంటే ఇక్కడ సైన్ చేయండి."

టీచరు కెజియాను తీసుకొచ్చి జగ్గూ కప్పూ ముందు పెట్టింది. జగ్గులోకి తొంగి చూసి, "ఇందుల నీళ్లు లెవ్వు పెద్దమ్మా," అంది, అక్కడెవరికీ ఆ సంగతి తెలియదేమో అన్నట్టు.

ఏడాది పోతుందన్న భయం ఒక్కటే నాకు ఎదురుగా నిలిచింది. "పోసినట్టు చెయ్యి బిడ్డా," అన్నాను.

పిల్ల కాసేపు నా మొహం చూసింది. రెండు చేతులతో జగ్గు ఎత్తి నిదానంగా వంచింది. ఎవరూ చెప్పకుండానే ఆ ఖాళీ కప్పు ఎత్తి తాగినట్టు కూడా చేసింది. టీచరు ఫొటో తీసింది. ప్రిన్సిపాల్ "గుడ్ గర్ల్" అని ఫైలులో టిక్కు పెట్టింది.

ఒంటిగంటకు ఆటోలో అల్వాల్‌లోని రూత్ ఇంటికి వెళ్లి పిల్లను నాయనమ్మకు అప్పజెప్పాను. దారిలో ప్రతి బోర్డూ ఏందని అడిగే పిల్ల ఆ రోజు ఒక్కటీ అడగలేదు.

నాలుగున్నర బండికి తిరుగు ప్రయాణం. పిల్లల పక్కన ఏళ్ల తరబడి కూర్చుని ఎవరో కనిపెట్టిన మంచి పద్ధతిని వీళ్లు ఫొటో వెనక కట్టే తెరగా మార్చేశారు. ఇలాంటి బడులు చూడబోయేవారు అల్మారాలు, రంగులు చూసి రావద్దు. నేల ఎక్కడైనా తడిసిందా, గోడకు ఎక్కడైనా మట్టిచేయి అంటిందా చూడండి. ఏదీ లేకపోతే చెప్పులేసుకుని వచ్చేయండి.

ఘట్‌కేసర్ దాటాక రూత్ ఫోన్ చేసింది. "పనయిందా అక్కా?"

"అయింది. పై తరగతికి పంపుతరట."

"దేవునికి స్తోత్రం. నువ్వు పుస్తకాల్ల చదివినయి గట్టిగ చెప్పినవా?"

అప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. పిల్లతో ఆ అబద్ధం చేయించింది నేనేనని కూడా చెప్పాను. ఆ బడి మాన్పించమన్నాను.

"అప్పుడు సుత నీ మాట నమ్మే పంపిన గదా అక్కా," అని రూత్ ఫోన్ పెట్టేసింది.

ఏడు కాకముందే జనగామలో దిగాను. శనివారం మళ్లీ అల్వాల్ వెళ్తాను. రూత్ ఏ బడికి పంపినా సరే, జగ్గులో నీళ్లు లేవని తనన్న మాటే నిజమని ఆ పిల్లకు నేను చెప్పాలి.