నా తొడలోంచి తలుపుకి

"కాల్లోంచి తీసిన ముక్కని బాత్‌రూము తలుపుకి బిగిస్తారా ఎవరన్నా? పారేయండత్తా" అనింది మా కోడలు సుజాత.

"మూడేళ్లు నా తొడలో ఉన్నింది. తలుపుకుంటే ఏమొచ్చింది?" అన్నాను నేను.

మాది మైపాడు పక్కన పల్లె. ఉప్పుగాలికి ఇనప గడియ ఏడాది నిలవదు. విరిగిన తొడ ఎముకకి బిగించిన ప్లేటుని, ఎముక అతుక్కుందని నెల్లూరులో తీసేసినప్పుడు, అది టైటానియమనీ, విమానాలకి వాడతారనీ, సముద్రపు నీళ్లలో కూడా తుప్పు పట్టదనీ డాక్టరు చెప్పినాడు. అంత మంచి సరుకు ఎవరు వదులుకుంటారు? అడిగి తెచ్చుకుని, ఉడకబెట్టి, ఒక చివర స్క్రూ వేయించి తిప్పుడు గడియ చేయించినాను.

ఆ సాయంత్రమే కొడవలూరు నుంచి మా వియ్యపురాలు వచ్చింది. స్నానానికి పోయి, "గడియ వెండి మాదిరి మెరుస్తా ఉంది. ఎక్కడ కొన్నావు వదినా?" అని లోపల్నించే అడిగింది.

"కొనలేదు వదినా. నా తొడలోది" అన్నాను గొప్పగా.

లోపల చెంబు కిందపడింది. ఇంక ఆమె గడియ ముట్టుకోనంటది. ముట్టుకోకుంటే బయటికి రాలేదు. అరగంట బతిమాలినాము.

"ఉడకబెట్టినాను వదినా, అంటేం లేదు."

"ఏ గిన్నెలో?"

నేను పోయి వంటింటి తలుపు దగ్గరికి వేసినాను. చివరికి సుజాత కిటికీలోంచి చీపురు అందిస్తే, దాంతో గడియ నెట్టి బయటపడింది.

గడియ మాత్రం తీయనన్నాను. మరునాడు పొద్దున వియ్యపురాలు గడియ వేయకుండానే స్నానం చేసింది. ఆమె వచ్చేదాకా తలుపుకి వీపు ఆనించి కాపలా కూర్చున్నది నేనే.