బండికి నాలుగు బెజ్జాలు

తన ఇంట్లో కుళాయి కారుతుంటే ఏం చేయాలో తెలియనివాడికి కూడా పక్కవాడి కారును ఏం చేయాలో బాగా తెలుసు. మేం న్యూజిలాండ్ వెళ్తున్నామని తెలిసిన రోజు నుంచి తిరుపతిలో నన్ను పలకరించిన ప్రతి మనిషీ మొదట అడిగింది నా భార్యకు అక్కడ దొరికిన ఉద్యోగం గురించి కాదు, పిల్ల చదువు గురించీ కాదు. ఆ ఎర్రబండిని ఏం చేస్తావని. అమ్మేయమన్నవాళ్ళున్నారు. పెళ్ళికొడుకుల ఊరేగింపులకు బాడుగకు తిప్పమన్నవాళ్ళున్నారు. ఓడలో వేసి తీసుకుపోతానంటే మాత్రం అందరూ ఒకే తీరుగా నవ్వారు.

ఆ నవ్వులకు అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండడం లేదు. నవ్వదగ్గ పని నేను చేసినమాట నిజమే, కాకపోతే వాళ్ళు నవ్వింది వేరే దానికి.

ఆ బండికి కాగితాల్లో పేరు నాదే కానీ, దాన్ని మొదట చూసింది మా తమ్ముడు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి మూతపడినప్పుడు, వెనక రేకుల షెడ్డులో ఖాళీ డ్రమ్ముల మధ్య కనిపించింది వాడికి. పాత విదేశీ స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, నేలకు జానెడెత్తు. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. వాడు స్కూల్లో డ్రాయింగు మాస్టరు. నాకు ఫోన్ చేసి బండి ఎలా ఉందో చెప్పలేదు, దాని ముందుభాగం గీసి ఆ బొమ్మ పంపాడు. ఆ బొమ్మ చూసే కొన్నాను.

నాలుగేళ్ళు పట్టింది దాన్ని మనిషిని చేయడానికి. రేణిగుంట రోడ్డులో షెడ్డు ఉన్న మెకానిక్కును మేం భాయ్ అనేవాళ్ళం. అరవై దాటిన మనిషి, ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, ఇంజనుతో మాట్లాడేటప్పుడు రెండూ. ఇంజను పని ఆయనది, రంగు పని మా తమ్ముడిది. దుకాణంలో దొరికే ఏ ఎరుపూ వాడికి నచ్చలేదు. డబ్బాల్లో కలిపి, రేకుముక్కల మీద పూసి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, చివరికి ఒక ఎరుపు తయారుచేశాడు. కార్పెట్టు కింద ఎవరికీ కనపడని అడుగు రేకుకు కూడా అదే పూశాడు. ఎవడు చూస్తాడురా అంటే, నేను చూసినాను కదా అన్నాడు.

కొండమీదికి పాతబండ్లను రానివ్వరు కాబట్టి మా ఇద్దరికీ భాకరాపేట ఘాటే తిరుమల. ఆదివారం పొద్దున్నే పోయేవాళ్ళం, పోయేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు తోలేవాళ్ళం. ఏటా ఆయుధపూజకు బండిని భాయ్ షెడ్డుకే తీసుకుపోయేవాళ్ళం. ఆ రోజు షెడ్డులో పానాల దగ్గర్నుంచి జాకీ దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టించేవాడాయన. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాక మాత్రం పక్కకు తప్పుకునేవాడు. నిమ్మకాయలు తొక్కించాల్సింది బండిగలవాళ్ళే, మెకానిక్కు తొక్కిస్తే ఆ పూజ మెకానిక్కుదే అవుతుందని ఆయన లెక్క. మేమిద్దరం రెండు సీట్లలో కూర్చుని బండిని ఒక మూర ముందుకు కదిలించేవాళ్ళం.

ప్రమాదం జరిగిన ఆదివారం తోలుతున్నది నేను. ఘాట్లో ఒక మలుపులో ఎవరో కంకర దించి పోయారు. టైర్లు జారి పిట్టగోడకు కొట్టాను. నాకు చేయి గీసుకుపోయింది. తమ్ముడికి ఎడమ మోకాలు విరిగింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించి, మా ప్రాంతంలో అందరూ చేసినట్టే నేరుగా ఎముకలకు నాటుకట్టు కట్టే పుత్తూరుకు తీసుకుపోయాను. మూడు కట్లు కట్టాలని, మూడో కట్టు విప్పేదాకా కాలు కింద పెట్టకూడదని గట్టిగా చెప్పి పంపారు. రెండు కట్లు సక్రమంగా కట్టించాను. మూడో కట్టుకు పోవాల్సిన రోజునే, మద్రాసులో బాగుచేయించిన బండి ముందుభాగం లారీలో భాయ్ షెడ్డుకు వచ్చింది. వాడు కలిపి పంపిన రంగు సరిపోయిందో లేదో బిగించే ముందు వాడే చూడాలి. ఒక్కరోజులో కొంపలేం మునగవులే అన్నాను నేను. వాడికీ అదే కావాలి. షెడ్డులో కిందికి వంగి చూడటానికి కట్టు అడ్డమొస్తోందని రేకులు కోసే కత్తెరతో వాడే కత్తిరించేసుకున్నాడు. నేను పక్కనే నిలబడి బానెట్టు పట్టుకున్నాను. ఒక్కరోజు పదిరోజులైంది, మూడో కట్టుకు మళ్ళీ పోనేలేదు. పుత్తూరువాళ్ళ తప్పు ఆవగింజంత కూడా లేదు. ఆ మోకాలు తర్వాత సగమే వంగింది. క్లచ్చు తొక్కడానికి అది చాలదు.

ఆ తర్వాత వాడు నా పక్కన కూర్చునేవాడు. కాలు చాపుకోవడానికి సీటు పూర్తిగా వెనక్కి జరుపుకునేవాడు. ఆయుధపూజకు నిమ్మకాయలు పెట్టేది వాడు, తొక్కించేది నేను.

ఒకరోజు భాయ్ ఒక ఉపాయం చెప్పాడు. గేరు రాడ్డు పక్కన చిన్న లివరు పెట్టి, దాన్నుంచి క్లచ్చుకు తీగ వేస్తే కాలితో పని లేదు, చేత్తోనే నొక్కవచ్చు. కాళ్ళు సరిగా లేనివాళ్ళకు ఎందరికో వేసిచ్చాడట. అడుగు రేకుకు నాలుగు బెజ్జాలు వేస్తే చాలు. తమ్ముడు నా ముఖం చూశాడు. నేను చూసింది మాత్రం ఆ రేకును.

"బండికి ఒక్క బెజ్జం పడినా నేనొప్పుకోను భాయ్. ఒరిజినల్ పోతుంది" అన్నాను.

"సరేలేన్నా" అన్నాడు తమ్ముడు.

తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాడు. ఒకసారి సరదాగా, ఒకసారి అన్నం తింటూ తల వంచుకుని. రెండుసార్లూ అదే జవాబు చెప్పాను. ఒరిజినల్ అనే మాట ఆ రోజుల్లో నా నోట్లో అంత తియ్యగా ఉండేది. విరిగిన మోకాలు కూడా ఒకప్పుడు ఒరిజినల్‌గానే ఉండిందని నాకు తట్టలేదు.

మూడేళ్ళు బెంగుళూరులో పనిచేశాను. సోమవారం తెల్లారి బస్సెక్కితే శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేవాణ్ణి. బండి తమ్ముడి ఇంటి పక్క షెడ్డులో ఉండేది. బ్యాటరీ దిగిపోకుండా రోజూ ఇంజను ఆన్ చేస్తున్నానని చెప్పేవాడు. స్పీడోమీటరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి బండి ఎంత తిరిగిందో చూసుకునే వీల్లేదు, చూసుకోవాలనే అనుమానమూ రాలేదు.

ఇక ప్రయాణం సంగతి. నా భార్య నర్సు, ఆమె ఉద్యోగం మీదే మేం పోతున్నది. కారు విషయంలో ఆమె ఒక్కమాటే అంది, అది మీ అన్నదమ్ములు తేల్చుకోవాలని. నేను తేల్చుకోలేక రెండు నెలలు నాన్చాను. వదిలిపోతే తుప్పు, తీసుకుపోతే తమ్ముడికి దూరం. చివరికి తమ్ముడే ఒకరోజు వసారాలో కూర్చుని మెల్లగా కదిపాడు.

"ఈడనే పెట్టిపోన్నా. నేను సూసుకుంటా."

"తోలలేనోడివి, నువ్వేం సూసుకుంటావురా?"

ఆ మాట అన్నది నేనే. బండి మీద ప్రేమతో అన్నానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. వాడు లేచి, కాలు ఈడ్చుకుంటూ లోపలికి పోయాడు. మరుసటి రోజే ఓడ ఏజెంటుతో మాట్లాడేశాను. బండి ఓడెక్కే నాటికి నేను ఊళ్ళో ఉండనని, ఏదున్నా తమ్ముడికి ఫోన్ చేయమని వాడి నంబరే ఇచ్చాను.

ఆ దేశానికి మట్టి, గింజ, ఆకు ఏదీ పోకూడదట. ఏజెంటు మరీమరీ చెప్పాడు. ఇన్నేళ్ళ పూజల పసుపూ అక్షింతలూ ఎండిన వేపాకూ బండి సందుల్లో ఎక్కడెక్కడ చేరాయో దేవుడికే తెలియాలి. అన్నీ విప్పి కడగడానికి బండిని భాయ్ షెడ్డుకు తీసుకుపోయాను. చూసి రాసుకోవడానికి ఏజెంటు మనిషి కూడా మద్రాసు నుంచి వచ్చాడు. కార్పెట్టు ఎత్తితే క్లచ్చు దగ్గర అక్షింతలు నాలుగు గింజలు కనిపించాయి. టార్చి వేసి అవి ఏరుతున్న ఏజెంటు మనిషి ఆగి, రేకును వేలితో తట్టాడు. అక్కడ రంగు కింద లప్పం ఉంది. గీకితే ఒక బెజ్జం. పక్కన ఇంకొకటి. మొత్తం నాలుగు. పైన పూసిన ఎరుపులో ఇసుమంత తేడా లేదు. ఆ ఎరుపు కలపగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే.

ఏజెంటు మనిషి ఫోటోలు తీసుకుని, ఆఫీసులో కనుక్కుంటానని వెళ్ళిపోయాడు. నేను భాయ్ వైపు తిరిగాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"సోమవారం మీరు బస్సెక్కితే, మంగళవారం నేను పోయి బండినీ ఆయన్నీ ఈడికి తెస్తా ఉంటిని. లివరు బిగిస్తా ఉంటిని. భాకరాపేట దాకా పోయొస్తా ఉండె. శుక్రవారం నేను నమాజుకు పోయేలోగా విప్పేసి, బెజ్జాలు మూసి, రంగేస్తా ఉండె. నమాజైనాక బండిని నేనే మళ్ళా ఇంటికాడ పెట్టొస్తా ఉంటిని. మూడేండ్లు. మీకు సెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

వారం వారం బిగించడం, వారం వారం విప్పి రంగేయడం. నలభై ఏళ్ళు దాటిన మనిషి, సగం బండి తనదే అయిన మనిషి, దొంగలాగా. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియడానికి కాస్త సమయం పట్టింది.

ఆ లివరు ఉందా అని అడిగాను. అటక మీద గోనెపట్టాలో చుట్టి ఉంది. బిగించమన్నాను. ఓడా వద్దు ఏమీ వద్దు, బండి వాడిదే అన్నాను. భాయ్ నా భుజం మీద చేయి వేశాడు. అప్పుడే ఫోన్ చేసి తమ్ముడికి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. లివరు బిగించిన బండిని వాడి గుమ్మం ముందు ఆపి, తాళం చేతిలో పెట్టి, వాడి ముఖం చూడాలనుకున్నాను. ఇవ్వడంలో కూడా నా దర్జా నాకు కావలసి వచ్చింది. బిగించేసరికి సాయంత్రమైంది.

నేను పోయేసరికి తమ్ముడు వసారాలోనే ఉన్నాడు. బండిలోకి తొంగి లివరు చూశాడు. నేను చాపిన తాళం మాత్రం తీసుకోలేదు.

"మధ్యాన్నం ఏజెంటు ఫోన్ చేసినాడు. బెజ్జాలుండే బండిని ఆ దేశం రానీదంట కదా" అన్నాడు.

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. తెలియదని చెప్పాను. ఆ ఫోన్ రాకముందే, పొద్దున్నే బండి నీదని భాయ్‌తో చెప్పానని, కావాలంటే అడగమని చెప్పాను.

"అడగనులే. ఆయన మంచోడు, నువ్వు సెప్పినావనే అంటాడు" అన్నాడు. "మూడుసార్లు అడిగినాన్నా. అప్పుడు బండి పాడైపోతాదంటివి. ఇప్పుడు ఓడెక్కదని తెలిసినాక నాకిస్తా ఉండావు" అన్నాడు.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేవాణ్ణి, ఇద్దరం అరుచుకుని ఎక్కడో ఒకచోట ఆగేవాళ్ళం. నా నిజం నా దగ్గర ఉంది, సాక్షి కూడా ఉన్నాడు. కానీ ఏజెంటు మనిషి ఫోటోలు తీస్తున్నప్పుడు ఇది ఇక పోదేమోనన్న శంక నా మనసులో ఒక్క క్షణమైనా మెదలలేదా అంటే, ఈ రోజుకీ ఒట్టేసి చెప్పలేను. అందుకే రెట్టించలేదు. తాళం కిటికీ గూట్లో పెట్టి వచ్చాను. నేను విమానమెక్కిన మరుసటి రోజు బండినీ తాళాన్నీ భాయ్ షెడ్డుకు చేర్చేశాడని తర్వాత తెలిసింది. భాయ్‌నే తోలుకుపొమ్మన్నాడట.

ఇక్కడ నేను తోలేది ఆటోమేటిక్ బండి. క్లచ్చు లేదు, ఎడమకాలికి పనే లేదు. తమ్ముడు ఫోన్లో బాగానే మాట్లాడతాడు. పిల్ల గురించి అడుగుతాడు, చలి గురించి అడుగుతాడు. బండి ఊసు ఇద్దరం ఎత్తం.

మొన్న ఆయుధపూజకు భాయ్ ఫోటో పంపాడు. బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టించి, దండ వేయించాడు. తమ్ముడు వచ్చి నిమ్మకాయలు పెట్టి పోయాడని కింద రాశాడు. ఫోటోను పెద్దది చేసి చూశాను. గేరు పక్కన లివరు ఉంది, నూనె పూసినట్టున్నారు. నాలుగు టైర్ల ముందు నాలుగు నిమ్మకాయలున్నాయి. ఒక్కటీ పగల్లేదు.