నేను అనే మాట

మా పిన్ని నూజివీడు మామిడికాయల వ్యాపారి భార్య. తమ బతుకుల్ని దాచుకోకుండా రాసిన కవయిత్రులను అనువాదాల్లో చదివి, నడివయసులో తనూ కవితలు రాసింది. ప్రతి కవితా "నేను" అనే మొదలయ్యేది.

అచ్చుకిచ్చే ముందు బాబాయి, "ఆ 'నేను' తీసేసి 'ఆమె' అని పెట్టు. జనం ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఆమె ఎవరండీ? దెబ్బలు తిన్నది నేను కదా," అంది పిన్ని. ఒక్క మాటా మార్చలేదు.

ఆవిష్కరణ సభకు చాట్రాయి నుంచి కూడా బంధువులొచ్చారు. బాబాయి వేదికెక్కి, "మా ఆవిడకి ఊహ ఎక్కువండీ. ఇవన్నీ కల్పనలే," అని నవ్వాడు.

పిన్ని మైకు అందుకుంది.

"కల్పన కాదండీ. కిందటేడు కోతలప్పుడు, క్యారేజీ ఆలస్యంగా తెచ్చానని, తోటలో కూలీలందరి ముందూ ఈయన నన్ను చెప్పుతో కొట్టారు. అదే మొదటి కవిత."

అందరికంటే ముందు బాబాయే చప్పట్లు కొట్టాడు, "ఎంత బాగా చదివిందో చూశారా!" అంటూ. వెంటనే జనమంతా అందుకున్నారు.

చప్పట్లు ఆగాక మళ్లీ చెబుదామని పిన్ని మైకు వదలకుండా నిలబడింది. ఈలోగా ఎవరో వచ్చి ఆవిడకు శాలువా కప్పేశారు.