ఎఫ్, ఐ నొక్కితే పడే మాట

గుడివాడలో ఒక నర్సింగ్‌హోమ్‌లో డిశ్చార్జ్ కాగితాలు టైప్ చేయడం నా ఉద్యోగం. బందరు నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తాను. నా వేగం చూసుకుని నాకు కాస్త పొగరుండేది. డాక్టరమ్మ తరచూ రాయించే మాటలన్నిటికీ కంప్యూటర్లో షార్ట్‌కట్‌లు పెట్టుకున్నాను. ఎఫ్, ఐ అని రెండక్షరాలు నొక్కితే ‘ఫెయిల్డ్ ఇండక్షన్’ అని పడిపోయేది. నొప్పులు రావడానికి మందిచ్చినా కాన్పు సాగలేదు, ఆపరేషన్ చేశాం అని దానర్థం. టీ తాగుతూ అలా ఎంతమందిని ఫెయిల్ చేశానో నాకే తెలియదు.

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నాకూ అదే జరిగింది. ఇంటికి పంపే రోజు, నా బదులు కూర్చున్న అమ్మాయి ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే చూడలేకపోయాను. కుట్లు లాగుతున్నా మెల్లగా నడిచి వెళ్లి, నా కాగితం నేనే టైప్ కొట్టేశాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. చూడ్డానికొచ్చినవాళ్లు “నార్మలేనా?” అని అడిగితే, తప్పు చేసినదానిలా “కాదండీ” అనేదాన్ని.

రెండోసారి ఎనిమిదో నెలలో డాక్టరమ్మ, “ఈసారి ఎలా అనుకుంటున్నావు?” అని అడిగారు.

“ఆపరేషన్ పెట్టేయండి మేడం. నాది ఫెయిలైన కేసు కదా.”

“ఎవరన్నారు?”

“మీరే అండీ. నేనే టైప్ చేశాను.”

ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. “రోజంతా నొప్పులు పడ్డావు. పని చేయనిది మందు. నువ్వెక్కడ ఫెయిలయ్యావు?” అన్నారు. తర్వాత కూర్చోబెట్టి, పాత కుట్టు మీద ఎంతవరకు నొప్పులు పడొచ్చో, ఎప్పుడు ఆపాలో, ఆపరేషనే అనుకుంటే ఏమిటో అన్నీ విడమరిచి చెప్పారు. అన్నేళ్లు అక్కడ పనిచేసీ ఇవి అడగొచ్చని నాకు తట్టనేలేదు. కోపం వచ్చింది, ఎక్కువగా నా మీదే. ముందు నొప్పులు పడి చూస్తానన్నాను.

ఒక ఉదయం నొప్పులు వాటంతటవే మొదలయ్యాయి. మధ్యాహ్నానికి బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందన్నారు. “పదండి మేడం, ఆపరేషన్‌కి” అని నేనే అన్నాను. అదే గది, అదే కోత. ఈసారి ఏడవలేదు. అవనిగడ్డ నుంచి కారప్పొడి పట్టుకొచ్చిన మా అత్తయ్య, మనవణ్ణి ఒళ్లో వేసుకుని, “అయితే ఇదీ ఫెయిలేనంటావా?” అని ఆటపట్టించింది.

“ఆ సరుకు మా దగ్గర ఇప్పుడు దొరకదు అత్తయ్యా” అన్నాను.

సెలవు అయ్యాక డాక్టరమ్మని అడిగి ఆ షార్ట్‌కట్ మార్చేశాను. ఇప్పుడు అవే రెండక్షరాలు నొక్కితే, ఇంగ్లిష్ మాట కింద తెలుగులో కూడా పడుతుంది: ‘తల్లి నొప్పులు పడింది. మందు పని చేయలేదు. ఆపరేషన్ చేశాము.’

అలాంటి కాగితం మొదట అందుకున్నది పెడనలో బట్టల మీద అచ్చులు వేసే అమ్మాయి. పసిబిడ్డని భుజాన వేసుకుని, నా బల్ల ముందు నిలబడి రెండుసార్లు చదువుకుంది.

“అయితే నా చేతకానితనం కాదా అండీ?”

“కాదమ్మా.”

కాగితం జాగ్రత్తగా మడిచింది. తర్వాత, “ఇంకో కాపీ ఇస్తారా అండీ? మా అత్తగారికి కావాలి” అంది. రెండు ఇచ్చాను.