సగం గ్లాసు చాయ్

మా పెద్దబాపు, అంటే పెద్దనాన్న, పోయాడన్న కబురు నా ఫోనుకు ఒక బొమ్మగా వచ్చింది. వెనక మంచుకొండలు, ముందు తుపాకి పట్టిన జవాను, ఆ జవాను మెడ మీద అతికించిన పెద్దబాపు ముఖం. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. ఆయన మంచుకొండ ఎక్కిన మనిషి కాదు. నేవీలో, ఓడ అడుగున ఇంజన్ గదిలో పనిచేసిన మనిషి.

కోటగిరి పక్కన చెరుకు తోటల్లో పుట్టినవాడు సముద్రం మీద బతికాడంటే మావాళ్ళ బుర్రకెక్కలేదు. యూనిఫాం వేసిన ప్రతివాడూ వాళ్ళకు మిల్ట్రీయే. ఓడలో చేశానని చెప్పీ చెప్పీ విసిగి, చివరికి మిల్ట్రీ అని పిలిస్తే ఆ పేరుకే పలకడం మొదలుపెట్టాడు.

ఆ ఓడ ఆయనలో ఒక్క అలవాటుగా మిగిలింది. చాయ్ ఎప్పుడూ సగం గ్లాసే పోసేవాడు. ఓడ ఊగుతుంటే నిండు గ్లాసు ఒంటి మీద ఒలికిపోతుంది మరి. నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ చెయ్యి మారలేదు. తాగాక మళ్ళీ పోసేవాడు, ఎన్నిసార్లయినా. మొదటి సగం చూసే లేచిపోయిన చుట్టాలు పిసినారి అని పేరు పెట్టారు. పిసినారట! వాళ్ళ పెళ్ళిళ్ళలో పొయ్యి దగ్గర రాత్రింబవళ్ళు నిలబడ్డ మనిషి.

రెండో కాన్పు తర్వాత పెద్దమ్మ మంచం పడితే, పై హోదా వచ్చే సమయంలో ఉద్యోగం వదిలి వచ్చేశాడు. పెళ్ళాం కొంగు పట్టుకున్నాడని బజార్లో నవ్వారు. ఆయన మాట ఇంకా నా చెవిలోనే ఉంది: "ఓడకు నేను కాకుంటే ఇంకోడుంటడు బిడ్డా. గీ పిల్లలకు జడలెయ్యనీకె ఎవడున్నడు?" ఆ చేతులతో జడ వేయించుకున్న పిల్లల్లో నేనూ ఉన్నాను. పెద్దమ్మ కోలుకుని బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చేవాడు. పొద్దున చాయ్‌కి మాత్రం ఆమెను పొయ్యి దగ్గరికే రానిచ్చేవాడు కాదు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి శ్మశానానికి వెళ్ళాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తట్లో వడ్డించి కాకుల కోసం ఎదురుచూస్తాం కదా. మా మేనత్త కొడుకు సంచిలోంచి రమ్ము సీసా తీసి, మూత విప్పి, విస్తరి పక్కన పెట్టాడు. పైగా గొప్పగా అందరి వైపూ చూశాడు. పెద్దబాపు మందు ముట్టి ఎరగడు. మిల్ట్రీ క్యాంటీన్ నుంచి తెచ్చింది సబ్బులూ పాలపొడీ. దసరా వచ్చిందంటే సీసా అడిగి, లేదంటే అలిగి వెళ్ళింది ఈ బావే.

తీసెయ్యమన్నాను.

"మిల్ట్రీ మనిషి తాగకుంటడా? మీకు తెల్వకుండ తాగిండు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

ఇంతకాలం మన మధ్యే బతికిన మనిషిని పక్కకు నెట్టి, ఆయన విస్తరి ముందు ఇంకెవరినో కూర్చోబెడతారా? గొంతు చించుకుని అదే అడిగాను. ఆడపిల్లకు ఆ అరుపులేమిటని ఎవరో కసిరారు. కసరనీ. ఇప్పటికీ నాకు ఆ కోపం తగ్గలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

పెద్దమ్మ నాలాగా అరవలేదు. లేచి, సీసా తీసి బావ చేతిలో పెట్టింది. సంచిలోంచి ఫ్లాస్కు తీసింది.

"గిన్నేండ్ల సంది పొద్దటి చాయ్ ఆయనే పెట్టిచ్చిండు. గియ్యాల నేను పెట్టుకచ్చిన."

స్టీలు గ్లాసు విస్తరి పక్కన ఉంచి పోసింది. నిండుగా పొయ్యమన్నాడు బావ. ఆమె సగానికే ఆపింది. మూత బిగించకుండా ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుని, గ్లాసు వైపే చూస్తూ అక్కడే కూర్చుంది.